మాస్కు గుడ్డ రేడియేషన్‌ను ఎంత ఆపుతుంది? మా కాలేజీ ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

జూలై మూడో వారం

ఈ ఏడాది జిజ్ఞాస (డిగ్రీ విద్యార్థుల స్టడీ ప్రాజెక్టుల పోటీ) ప్రాజెక్టుకి మా ఫైనలియర్ బీఎస్సీ పిల్లలు ఎంచుకున్న విషయం ఇది. ఆలోచన బ్యాచ్‌లోని ఒకమ్మాయిది. వాళ్ల బావ కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే ఎక్స్‌రేలతో గుండె రక్తనాళాల్ని చూస్తూ చికిత్స చేసే గదిలో, టెక్నీషియన్. ఒంటికి లెడ్ (సీసం) ఏప్రన్, మెడకి థైరాయిడ్ కాలర్ ఉంటాయి, ముఖానికి మాత్రం మామూలు మాస్కే. "ఆ మాస్కు ఎంతోకొంత ఆపుతుందా అని బావ అడుగుతున్నాడు సార్" అంది. ఆపదని పుస్తకం చూసి ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ రోజూ ఆ గదిలో నిలబడి పనిచేసే మనిషి అడిగినప్పుడు ఆ "ఎంతోకొంత"కి ఒక అంకె ఇవ్వాలనిపించింది. పిల్లలూ అదే అన్నారు.

మా దగ్గర ఉన్నవి: రేడియేషన్‌ని లెక్కపెట్టే గైగర్ ముల్లర్ కౌంటర్ ఒకటి, దాని చుట్టూ ఉండే సీసపు గూడు (లెడ్ కాజిల్), సోర్సులు (రేడియోధార్మిక బిళ్లలు) పెట్టుకునే షెల్ఫుల స్టాండు, సీజియం-137, థాలియం-204 బిళ్లలు. సీజియం గామా కిరణాలకి, థాలియం బీటా కణాలకి. రెండూ బోధన కోసం తయారైన సీల్డ్ సోర్సులు, తక్కువ తీవ్రతవి. అయినా పట్టకారుతోనే తీయాలి, రిజిస్టర్‌లో రాయాలి, పని కాగానే బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఈ మూడూ అలవాటయ్యేదాకా పిల్లల్ని కౌంటర్ దగ్గరికి రానివ్వలేదు.

కొలతలకంటే ముందు తూకం. కెమిస్ట్రీ మేడమ్ దగ్గర మిల్లీగ్రాములు చూపే తక్కెడ ఉంది. మాస్కుల్ని కత్తిరించి 5 సెంటీమీటర్ల చదరపు ముక్కలు చేశాం. రేడియేషన్ కవచం విషయంలో మందం కన్నా ముఖ్యమైన లెక్క ఒకటుంది: ఒక చదరపు సెంటీమీటరు మీద ఎన్ని మిల్లీగ్రాముల పదార్థం ఉంది? కిరణానికి అడ్డు వచ్చేది పరమాణువులు, వాటి చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు. మాస్కు ఉబ్బుగా కనిపించినా అందులో ఎక్కువ భాగం గాలే కాబట్టి, మందం స్కేలుతో కొలిస్తే మోసపోతాం. తూకంలో ఆ గొడవ ఉండదు.

సర్జికల్ మాస్కు మూడు పొరలు కలిపి చదరపు సెంటీమీటరుకి సుమారు 7 మిల్లీగ్రాములు తేలింది. బయటి పొరలు రెండూ స్పన్‌బాండ్ (పోగుల్ని పరిచి అతికించిన గుడ్డ), మధ్యది మెల్ట్‌బ్లోన్ (ఇంకా సన్నటి పోగుల వడపోత పొర), మూడూ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కే. మేం తెచ్చిన ఎన్95 సుమారు 22. కాటన్ జేబురుమాలు ఒక మడత 12 దాకా. ఫేస్ షీల్డు పారదర్శకపు రేకు దాదాపు 34. పోలిక కోసం జిరాక్స్ కాగితం కూడా తూచాం. రీముపైనే 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి 75 గ్రాములు) అని ఉంటుంది, అంటే చదరపు సెంటీమీటరుకి 7.5 మిల్లీగ్రాములు. బరువు లెక్కన సర్జికల్ మాస్కూ ఏ4 కాగితమూ ఒకటే అని తేలేసరికి పిల్లల మొహాల్లో ఆశ్చర్యం చూడాలి.

జూలై చివర

ముందు బీటాతో మొదలెట్టాం, ఎందుకంటే అక్కడ తేడా కంటికి కనబడుతుంది. థాలియం-204 బీటాల గరిష్ఠ శక్తి 0.76 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. దాని అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 3.78 ఏళ్లే కాబట్టి, ఎప్పుడో కొన్న మా బిళ్ల బాగా నీరసించింది. ఒక్కో రీడింగుకి ఎక్కువసేపు లెక్కపెట్టాల్సి వచ్చింది. బ్యాక్‌గ్రౌండ్, అంటే సోర్సు లేకపోయినా వచ్చే కౌంట్లు, నిమిషానికి పాతిక, ముప్పై మధ్య ఉంది. దాన్ని ప్రతి పూటా కొత్తగా కొలిచి తీసేస్తున్నాం.

సర్జికల్ మాస్కు ముక్క ఒకటి అడ్డం పెడితే కౌంట్లు ఆరో వంతు పడిపోయాయి. ఎన్95 పెడితే దాదాపు సగం. ఫేస్ షీల్డు రేకు సగానికి పైగా ఆపింది. జేబురుమాలు రెండు మడతలు వేస్తే ఎన్95 పక్కకి వచ్చింది. జిరాక్స్ కాగితం సర్జికల్ మాస్కుతో సమానంగా నిలిచింది.

సెమీలాగ్ (నిలువు స్కేలు లాగరిథంలో ఉండే) గ్రాఫు మీద అడ్డంగా మిల్లీగ్రాములు, నిలువుగా కౌంట్లు వేస్తే ఇవన్నీ ఇంచుమించు ఒకే సరళరేఖ మీద కూర్చున్నాయి. పాలీప్రొపిలీన్, కాటన్, కాగితం, పాలిస్టర్ రేకు, పేరేదైనా గీత ఒకటే. ఈ గ్రాఫు నాకు ఎంత తృప్తినిచ్చిందో చెప్పలేను. "ఏ గుడ్డ మంచిది?" అని వెతకడానికి వచ్చిన పిల్లలు "ఎంత బరువున్న గుడ్డ?" అని అడగడం మొదలుపెట్టారు. ఇలాంటి తేలిక పదార్థాల్లో బీటాకి పేరుతో పనిలేదు, ఎదురొచ్చే ద్రవ్యరాశితోనే పని.

ఇదే బరువు లెక్కలో ఇంకోటి కూడా చెప్పొచ్చు. థాలియం బీటాల్ని మొత్తంగా ఆపాలంటే చదరపు సెంటీమీటరుకి 290 మిల్లీగ్రాముల చొప్పున కావాలి. అంటే నలభై సర్జికల్ మాస్కులు ఒకదానిమీద ఒకటి.

ఆగస్టు

ఇప్పుడు గామా. గామాలు కూడా ఎక్స్‌రేల్లాంటి కిరణాలే కాబట్టి, బావ ప్రశ్నకి దగ్గరగా వచ్చేది ఇదే.

సీజియం-137 గామా కిరణం శక్తి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ శక్తి దగ్గర పాలీప్రొపిలీన్‌కి గ్రాముకి 0.088 చదరపు సెంటీమీటర్లు అనే గుణకం (పదార్థం కిరణాన్ని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఉచితంగా ఇచ్చే ఎక్స్‌కామ్ పట్టిక నుంచి తీసుకున్నాం. దాన్ని 0.007 గ్రాములతో గుణిస్తే 0.0006. అంటే ఒక సర్జికల్ మాస్కు గామా కిరణాల్లో నూటికి 0.06 వంతు ఆపుతుంది. పదివేలకి ఆరు.

ఒక అబ్బాయి వెంటనే "మాస్కు పెట్టి చూద్దాం సార్, తేడా వస్తుందేమో" అన్నాడు. పెట్టాం. ఒకసారి పెరిగింది, ఒకసారి తగ్గింది. ఇక్కడ ఆగి గణాంకాల పాఠం చెప్పుకున్నాం. రేడియోధార్మిక క్షయం యాదృచ్ఛికం. N కౌంట్లు వస్తే అందులో అనిశ్చితి N వర్గమూలం అంత. పదివేల కౌంట్లకి నూరు, అంటే ఒక శాతం. ఒక శాతం ఊగే త్రాసు మీద 0.06 శాతం ఎలా తూస్తాం? ఆ తేడాని నమ్మకంగా చూడాలంటే రెండున్నర కోట్ల కౌంట్లు కావాలి. మా అమరికలో సెకనుకి యాభై వస్తున్నాయి. లెక్క వేస్తే ఆగకుండా దాదాపు ఆరు రోజులు. మాస్కు లేకుండా ఇంకో ఆరు రోజులు. ఈలోపు కరెంటు పోకూడదు, వోల్టేజీ జరగకూడదు, ఎవరూ బల్లని కదపకూడదు. మా ఊళ్లో అది అయ్యే పని కాదు.

దారి ఇంకోటుంది: మాస్కు ఒక్కటి కాదు, పెట్టె మొత్తం అడ్డం పెట్టడం. సర్జికల్ మాస్కులు పెట్టెకి యాభై వస్తాయి. యాభై అంటే చదరపు సెంటీమీటరుకి 0.35 గ్రాములు, అంటే లెక్క ప్రకారం 3 శాతం తగ్గాలి. ముక్కు తీగలు, చెవి లాస్టిక్కులు కత్తిరించేసి, మధ్యభాగాల్ని రెండు చెక్కల మధ్య నొక్కి బిగించాం. సోర్సు ముందు సన్నటి రంధ్రం ఉన్న సీసపు దిమ్మె పెట్టాం. అది లేకపోతే పక్కలకి చెదిరిన గామాలు కూడా ట్యూబులోకి వచ్చి చేరి, ఆపిన దాన్ని ఆపనట్టు చూపిస్తాయి. లక్ష కౌంట్ల దాకా లెక్కపెట్టాం. అనిశ్చితి 0.3 శాతం. తగ్గుదల 3 శాతం దగ్గరే వచ్చింది. కాగితం మీద వేసిన లెక్క బల్ల మీద నిజమైన సాయంత్రం అది. పిల్లలు ఇంటికి వెళ్లమన్నా వెళ్లలేదు.

అదే పూట ఇంకో లెక్క కూడా చేయించాను. ఆసుపత్రుల్లో వాడే 0.5 మిల్లీమీటర్ల లెడ్ ఏప్రన్ ఈ సీజియం గామాల్ని ఎంత ఆపుతుంది? సీసం గుణకం ఈ శక్తి దగ్గర 0.11. జవాబు 6 శాతం! ఏప్రన్ వేసుకుంటే ఏ రేడియేషన్‌కైనా భయం లేదనుకునే వాళ్లు చాలామంది. ఏప్రన్ తయారైంది ఆసుపత్రి ఎక్స్‌రేల కోసం. కిరణం శక్తి మారితే కవచం కథంతా మారిపోతుంది.

ఆగస్టు చివర, యూనివర్సిటీ ల్యాబ్‌లో

క్యాథ్‌ల్యాబ్‌లో టెక్నీషియన్ ముఖానికి తగిలేది చాలావరకు నేరుగా ట్యూబు నుంచి వచ్చే కిరణం కాదు. రోగి ఒంటికి తగిలి చెదిరి వచ్చేది. దాని శక్తి చాలావరకు కొన్ని పదుల కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది. ఆ ప్రాంతానికి సరిపోయే సోర్సు అమెరీషియం-241, దాని గామా 59.5. మా దగ్గర లేదు. నా పాత క్లాస్‌మేట్ పనిచేసే యూనివర్సిటీ ల్యాబ్‌లో గామాల శక్తిని కూడా చూపే సోడియం అయొడైడ్ డిటెక్టరు, సోర్సు రెండూ ఉన్నాయి. పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లాం.

60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పాలీప్రొపిలీన్ గుణకం 0.2కి కాస్త తక్కువ. సీసానిది 5. గ్రాముకి గ్రాము చూస్తే పాతిక రెట్ల తేడా. 662 దగ్గర ఈ తేడా దాదాపు లేదు. కారణం ఇదీ: తక్కువ శక్తి ఫోటాన్‌ని బరువైన పరమాణువు కాంతివిద్యుత్ ప్రక్రియలో పూర్తిగా మింగేస్తుంది. ఆ మింగే గుణం పరమాణు సంఖ్యతో పాటు చాలా వేగంగా పెరుగుతుంది. కార్బన్ 6, సీసం 82. శక్తి పెరిగితే కాంప్టన్ చెదురుడుదే (ఫోటాన్ ఎలక్ట్రాన్‌ని ఢీకొని పక్కకి పోవడం) పైచేయి. దానికి ఎలక్ట్రాన్ల సంఖ్య చాలు, ఏ పరమాణువైనా ఒకటే.

యాభై మాస్కుల కట్ట ఇక్కడ 6, 7 శాతం మధ్య ఆపింది. దాన్నుంచి ఒక్క మాస్కుకి వచ్చేది 0.14 శాతం. ఎన్95 అర శాతంలోపే. ఫేస్ షీల్డు 0.7 శాతం లోపు. 0.5 మిల్లీమీటర్ల సీసం ఇదే చోట 94 శాతం ఆపుతుంది.

అదే ల్యాబ్‌లో ఆల్ఫా కణాలతో ఒక చిన్న ప్రయోగం. ఇది ప్రాజెక్టులో లేదు, చూడాలనిపించి చేశాం. అమెరీషియం ఆల్ఫా కాగితం దాటదని అందరం చదువుకున్నదే. స్పన్‌బాండ్ పొర ఒక్కదాన్ని తీసి ఆల్ఫా డిటెక్టరు ముందు పెడితే, కొన్ని ఆల్ఫాలు శక్తి ఏమాత్రం తగ్గకుండా వచ్చాయి, కొన్ని బాగా నీరసించి వచ్చాయి, కొన్ని రానేలేదు. స్పెక్ట్రమ్‌లో (ఏ శక్తికి ఎన్ని కౌంట్లో చూపే గ్రాఫు) ఒక్క శిఖరం ఉండాల్సిన చోట ఎడమవైపుకి పొడుగ్గా పాకిన మచ్చ. పొర అంతా సమానంగా లేదు, పోగుల మధ్య సందులున్నాయి, సందులో దూరిన కణం దర్జాగా వచ్చేసింది. సగటు బరువు ఒక్కటే చెబితే చాలదని పిల్లలకి అర్థమైంది.

సెప్టెంబరు

అయితే మాస్కులోనే సీసంలాంటిది కలిపేస్తే? ఈ ఆలోచన పిల్లలదే. సీసం విషం, ఊపిరికి దగ్గర పెట్టొద్దన్నాను. బేరియం సల్ఫేట్ అన్నాను. కడుపు ఎక్స్‌రేకి ముందు రోగితో తాగించేది అదే. నీళ్లలో కరగదు కాబట్టి ఒంట్లోకి ఇంకదు. బేరియం క్లోరైడు, కార్బనేటు మాత్రం విషాలు. సీసా మీద పేరు ఇద్దరు చదివాకే మూత తీయాలని నియమం పెట్టాను. 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర బేరియం సల్ఫేట్ గ్రాముకి గ్రాము సీసానికి చాలా దగ్గర్లో నిలుస్తుంది. బేరియం కే-అంచు (ఆపే బలం ఒక్కసారిగా ఎగిసే శక్తి) 37.4 దగ్గర, సీసానిది 88 దగ్గర ఉండటమే దీనికి కారణం. ఆ రెండింటి మధ్య బేరియం బలం మీద ఉంటుంది, సీసం తన పూర్తి బలానికి ఇంకా చేరదు.

తెల్ల జిగురులో పొడి కలిపి కాటన్ గుడ్డ మీద పట్టించాం. పలచగా పూస్తే చదరపు సెంటీమీటరుకి 20 మిల్లీగ్రాములు పట్టింది. ఇది పదో వంతు ఆపాలి, కొలిస్తే అంతకి కొంచెం తక్కువే వచ్చింది, పూత అన్నిచోట్లా సమానంగా పడలేదు. 0.1 మిల్లీమీటర్ల సీసంతో సమానం కావాలంటే 110 మిల్లీగ్రాముల పైన పట్టాలి. అంత పట్టిస్తే ఎండాక గుడ్డ అట్టలా బిరుసెక్కి, వంచితే పగిలింది. మాస్కు వైశాల్యానికి లెక్కేస్తే పొడి ఒక్కటే పద్దెనిమిది గ్రాములు. సర్జికల్ మాస్కు మొత్తం బరువు మూడు, నాలుగు గ్రాములు.

బరువు పెద్ద సమస్య కాదు. అసలు సమస్య గాలి. యూ ఆకారపు గాజు గొట్టంలో నీళ్లు పోసి, గుడ్డకి అటూ ఇటూ ఒత్తిడి తేడా చూశాం. పూత లేని గుడ్డ గుండా గాలి సులువుగా పోయింది. పూసిన గుడ్డ దగ్గర నీటిమట్టం ఎగబాకింది, గాలి దాదాపు ఆగిపోయింది. అలాంటిది ముఖానికి కట్టుకుంటే ఊపిరి గుడ్డలోంచి కాక చెంపల పక్క సందుల్లోంచి పోతుంది, అప్పుడు అది మాస్కుగా కూడా పనికిరాదు.

ఊపిరి ఆడాలంటే గుడ్డలో ఖాళీ ఉండాలి. కిరణం ఆగాలంటే ఖాళీ ఉండకూడదు. ఈ రెండు పనుల్నీ ఒకే గుడ్డతో చేయించలేం. ఆన్‌లైన్‌లో రేడియేషన్ మాస్కులని అమ్మేవాటిలో కొన్నింటికి వెండి పూత పోగులు ఉంటాయి. అవి ఫోను, వైఫై తరంగాల్ని కొంత వెనక్కి కొడతాయేమో గానీ, ఆ పలచటి పూతకి ఎక్స్‌రేతో పోరాడే శక్తి లేదు. ఈ ముక్క క్యాథ్‌ల్యాబ్‌లో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలియాలని నా కోరిక.

సెప్టెంబరు చివర

ఇక్కడితో ప్రాజెక్టు ఆపేస్తే మాస్కుకి అన్యాయం చేసినట్టే. రేడియేషన్ దగ్గర మాస్కుకి అసలు పని వేరే ఉంది.

1986లో చెర్నోబిల్ శుభ్రం చేసినవాళ్లలో రియాక్టరు కప్పు మీదికి వెళ్లినవారు సీసపు రేకులు కత్తిరించి ఒంటికి కట్టుకున్నారు. ముఖాలకి మాత్రం లెపెస్తోక్ అనే తేలికపాటి తెల్ల మాస్కులు. సోవియట్ శాస్త్రవేత్త పెత్ర్యానోవ్ పేరుతో పిలిచే సన్నపోగుల గుడ్డతో చేసినవి అవి. ఆ పోగుల మీద విద్యుదావేశం ఉంటుంది. రేకులు కిరణాలకి, మాస్కు ధూళికి. రేడియోధార్మిక ధూళి బయట ఉంటే దూరం జరగొచ్చు, కడుక్కోవచ్చు. ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడే కూర్చుని ఆల్ఫాలు, బీటాలు విడుస్తుంది. మన కడప జిల్లా తుమ్మలపల్లె లాంటి యురేనియం గనుల్లో కూడా గాలి ఆడే ఏర్పాట్లకి అంత ప్రాముఖ్యం ఇచ్చేది అందుకే.

ఆ పట్టుకునే గుణాన్ని మేం కాలేజీలోనే కొలవగలమా? కొలవగలం, దానికి కావాల్సిన సోర్సు మా నేలలోనే ఉంది. కరీంనగర్ గ్రానైట్‌లో యురేనియం, థోరియం కొద్దికొద్దిగా ఉంటాయి. వాటినుంచి రేడాన్ వాయువు గదుల్లోకి ఊరుతుంది. అది క్షయమై పొలోనియం, సీసం, బిస్మత్ పుడతాయి. ఇవి గాలిలోని సన్నటి ధూళికి అంటుకుంటాయి. రేడాన్ ఏ మాస్కుకీ చిక్కదు, అది జడవాయువు. దాన్నుంచి పుట్టినవి చిక్కుతాయి.

మెట్ల కింద గ్రానైట్ పరిచిన స్టోర్‌రూమును మూసి ఉంచాం. వాక్యూమ్ క్లీనరు గొట్టానికి ఎన్95 ముక్క బిగించి అరగంట నడిపాం. తీసి కౌంటరు కింద పెట్టగానే బ్యాక్‌గ్రౌండ్‌కి ఎన్నో రెట్లు కౌంట్లు! శుభ్రమైన తెల్ల గుడ్డ, చూడ్డానికి దుమ్ము కూడా లేదు. ఒకమ్మాయికి కాస్త టెన్షన్ పుట్టింది, ఇది ప్రమాదమా సార్ అని. రోజూ ఆ గదుల్లో మనం పీల్చే గాలిలో ఉన్నదే ఇది, గుడ్డ మీద ఒకచోట పోగుపడింది అంతే, అని చెప్పాను. సుమారు నలభై నిమిషాలకోసారి కౌంట్లు సగమవుతూ వచ్చాయి. సీసం-214 అర్ధాయువు 27 నిమిషాలు, బిస్మత్-214ది 20, రెండూ గొలుసుగా ఉండటం వల్ల కలిసి ఇలా కనిపిస్తాయి. మర్నాడు పొద్దున చూస్తే ఇంకా బ్యాక్‌గ్రౌండ్ కన్నా కొంచెం పైనే. అది థోరియం కొమ్మలోని సీసం-212, దాని అర్ధాయువు 10.6 గంటలు. గ్రాఫులో ఆ తోక కనబడగానే నాకు నా పీజీ రోజులకన్నా ఎక్కువ ఉత్సాహం వచ్చింది.

తర్వాత పోలిక. ముందు పరీక్షించాల్సిన గుడ్డ, వెనక ఎన్95. ముందుది వదిలేసింది వెనకది పట్టుకుంటుంది. రెండింటి కౌంట్ల నిష్పత్తే జవాబు. జేబురుమాలు ముందుంటే వెనక పొర మీద చాలా చేరింది. సర్జికల్ మాస్కు ముందుంటే కొద్దిగా. ఎన్95 ముందుంటే వెనకది బ్యాక్‌గ్రౌండ్‌కి కాస్త పైన. ఆపైన ఒక ఎన్95ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఆరబెట్టి ముందు పెట్టాం. బరువు మారలేదు, కంటికి ఏ తేడా లేదు, బీటా గ్రాఫు మీద అది పాత చోటే కూర్చుంది. కానీ ఈసారి వెనక పొర మీద కౌంట్లు బాగా పెరిగాయి. మెల్ట్‌బ్లోన్ పోగుల మీది విద్యుదావేశాన్ని ఆల్కహాల్ తినేసింది. సన్నటి ధూళిని లాగి పట్టుకునేది ఆ ఆవేశమే. కరోనా రోజుల్లో శానిటైజర్ కొట్టి మళ్లీ మళ్లీ వాడిన ఎన్95లు ఎన్నో గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

వాక్యూమ్ క్లీనరు లాగుడు మనిషి ఊపిరి కన్నా చాలా వేగం. కాబట్టి ఈ నిష్పత్తుల్ని మాస్కుల సర్టిఫికెట్లుగా కాక ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే వాడుతున్నాం.

అక్టోబరు

బావకి పిల్లలు తెలుగులో ఒక పేజీ రాసి పంపారు. సారాంశం: మీ మాస్కు, ఫేస్ షీల్డు రెండూ కలిపినా చెదిరిన ఎక్స్‌రేలో నూటికి రెండు వంతులు కూడా ఆపవు. వాటిని ఇన్‌ఫెక్షన్ కోసం, రక్తపు చుక్కల కోసం పెట్టుకోండి. కంటికీ ముఖానికీ కప్పు నుంచి వేలాడే లెడ్ గ్లాసు తెర ఉంటే ప్రతి కేసుకీ కిందికి లాక్కోండి, లెడ్ కళ్లద్దాలు అడగండి, వీలున్నప్పుడు ఒక అడుగు వెనక్కి నిలబడండి. కంటి కటకానికి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసు కొలత) మించకూడదని రేడియేషన్ రక్షణ అంతర్జాతీయ సంఘం ఐసీఆర్‌పీ 2011లో చెప్పింది, అంతకుముందు అది 150. డోసు బ్యాడ్జీ ఇంట్లో మరిచిపోకండి.

ఆయన ఫోన్ చేశాడు. తెర ఉందట, డాక్టరుగారి వైపుకి లాగి ఉంటుందట, తన వైపుకి రావాలంటే ఎలా అమర్చాలో అడిగాడు. గది కొలతలు, బల్ల ఎక్కడ, తను నిలబడేది ఎక్కడ అన్నవి గీసి పంపమన్నాం. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకి దిగుతుందన్న లెక్కని ఆ గీత మీదే వేసి చూపిస్తామని పిల్లలు మాటిచ్చారు.

మిగిలిన పని: ఊపిరి తేమకి ఎన్95 పట్టు ఎంత తగ్గుతుందో స్టోర్‌రూములో చూడాలి. ఒక పూటంతా కట్టుకున్న మాస్కు, కొత్త మాస్కు పక్కపక్కన. చలికాలం తలుపులు మూసి ఉంటాయి కాబట్టి రేడాన్ బాగా పోగవుతుంది. నవంబరులో మొదలుపెడతాం.